నోరులేని పెళ్లికొడుకులు

పురుగులకి పెళ్లి చేసిన మనిషినని మా చర్చిలో నన్ను ఇప్పటికీ ఆటపట్టిస్తారు. ఆదివారం ఆరాధన అయిపోయి మెట్లు దిగుతుంటే ఎవరో ఒకరు, "ఏటమ్మా, ఈ ఏడు ఏ పురుక్కి ముహూర్తం పెట్టేవు?" అని పలకరిస్తారు. నేనూ నవ్వేస్తాను. చేసిన మాట నిజమే మరి. అనకాపల్లిలో మా ఇంటి వరండాలోనే చేశాను. రెండు వైపుల పెద్దలూ వచ్చారు, అలిగారు, అరుచుకున్నారు, రెండేసిసార్లు కాఫీ తాగారు. పెళ్లికొడుకులు మాత్రం ఎవరి కంటికీ ఆనలేదు.

కొత్తగా హేచరీల్లో, ల్యాబుల్లో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు వచ్చి "మీ అనుభవం చెప్పండి మేడమ్" అంటారు. వాళ్లు సన్మానాల గురించీ శాలువాల గురించీ వినాలనుకుంటారు కాబోలు. నా దగ్గర శాలువా లేదు. ఈ పెళ్లి ఒక్కటే ఉంది. వినేవాళ్లు కూర్చోండి, పనున్నవాళ్లు వెళ్లొచ్చు, నేనేమీ అనుకోను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. సెల్‌ఫోను ఇంకా షావుకార్ల చొక్కా జేబుల్లోనే ఉండేది. నేను ఒక ప్రైవేటు కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. అక్కడ మైక్రోస్కోపు ఉండేది బీరువాలో, బీరువా తాళం ఉండేది ప్రిన్సిపాల్ గారి మొలతాడుకి. "పాడైపోతుందమ్మా, బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేయండి" అనేవారు ఆయన. గీసీ గీసీ నాకు విసుగొచ్చింది. రాంబిల్లి వైపు సముద్రపు ఒడ్డున పండుగప్ప చేపపిల్లల్ని పుట్టించే హేచరీ పెట్టారనీ, ల్యాబు చూసుకోవడానికి మనిషి కావాలనీ తెలిసి పరిగెత్తాను. అక్కడ మైక్రోస్కోపు బల్ల మీదే ఉంది. దాని మీద ఎవరో తువ్వాలు ఆరేశారు. ఆ తువ్వాలు తీసి పక్కన పడేసిన క్షణంలోనే నేను ఆ ఉద్యోగంలో చేరిపోయినట్టు లెక్క.

యజమాని అనకాపల్లిలో బెల్లం వర్తకుడు. అందరం షావుకారు గారనే వాళ్లం. ఆ ఇంట్లో తరతరాలుగా చేప వాసన సోకలేదు. అయినా చేపల వ్యాపారంలో లాభం ఉందని ఎవరో చెప్పగా దిగారు. చెరువు దగ్గరికి వస్తే ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని, "ఎలా ఉన్నాయి మనవాళ్లు?" అని దూరం నుంచే చేపల్ని పరామర్శించేవారు. ఉద్యోగంలో చేరిన రోజు నాకు పరీక్ష పెట్టలేదు, పెరుగన్నం పెట్టారు.

"తిని చూడు టీచరమ్మా. ఎలా ఉంది?"

"బాగుందండి."

"బాగుండదేటి మరి! ఈ తోడు మా నాయనమ్మ కాపరానికి వచ్చిన్నాటిది. రోజూ ఓ గరిటెడు దాచి మర్నాటి పాలకి వేత్తాం. ఇన్నేళ్లలో పరాయింటి నుంచి తోడు తెచ్చుకున్న పాపాన పోలేదు. మన హేచరీలో ఆ నలుసులున్నాయే, వాటికీ అదే పద్ధతి. ఎవులికీ ఇవ్వొద్దు, ఎవుల దగ్గరా తేవొద్దు."

నలుసులంటే రోటిఫర్లు. ఉప్పునీటిలో బతికే అతి చిన్న ప్రాణులు. గాజు గ్లాసులో పెట్టి వెలుతురుకేసి చూస్తే నీళ్లలో దుమ్ము లేచినట్టు ఉంటుంది, అంతే. మైక్రోస్కోపు కింద మాత్రం ముచ్చటగా ఉంటాయి. తల మీద సన్నటి వెంట్రుకలు రెండు చక్రాలు గిర్రున తిరుగుతున్నట్టు కదులుతుంటాయి. పండుగప్ప పిల్ల గుడ్డులోంచి బయటికొచ్చాక, తనతో తెచ్చుకున్న పచ్చసొన కాస్తా అయిపోగానే నోరు తెరుస్తుంది. ఆ పూట ఆ నోటికి పట్టేంత చిన్న ప్రాణి ఎదురుపడాలి. పడకపోతే చచ్చిపోతుంది. అంచేత హేచరీ మొత్తం ఆ నలుసుల మీద నిలబడి ఉంటుంది. తల్లిచేపలు, పంపులు, షావుకారు గారి పెట్టుబడి, నా జీతం, అన్నీ.

వీటిలో మరో వింత. ఆడది ఆడదాన్నే కంటుంది, మగతోడు అక్కర్లేకుండా. అచ్చం తనలాంటిదాన్నే కంటుంది. ఆ కూతురూ అంతే. అంచేత ఒక సీసాలోవి పెద్ద తొట్టిలో వేసి, పచ్చనాచు నీళ్లు మేతగా పోస్తే కొద్ది రోజుల్లో తొట్టి నిండిపోతుంది. తొట్టెడూ చేపపిల్లలకి వేసేసి, ఒక గరిటెడు మాత్రం సీసాలోకి దాస్తాం. మళ్లీ అవసరమైతే ఆ గరిటె నుంచి మొదలు. పెరుగు తోడు పద్ధతే. షావుకారు గారు దీన్ని అర్థం చేసుకోవడానికి నా చదువు అవసరం రాలేదు.

ఆ పెరుగుతోనే ఒక గొడవ కూడా ఉంది. షావుకారు గారి అక్కగారి భర్త, అంటే ఆయన బావగారు, మా హేచరీ పక్కనే సముద్రంలో కలిసే ఏటికి అవతలి ఒడ్డున ఇంకో హేచరీ పెట్టారు. మొదట్లో ఇద్దరూ ఒక్క మాట మీదే ఉండేవారట. దక్షిణాదిలో ఏదో సంస్థ నుంచి ఒక్క డబ్బా నలుసులు తెప్పించుకుని చెరి సగం పంచుకున్నారు. తర్వాత షావుకారు గారింట్లో ఏదో శుభకార్యంలో భోజనాల వేళ బావగారు విస్తరి ముందు కూర్చుని, "ఇదేటి, పెరుగా మజ్జిగా?" అన్నారు. వందమందిలో అన్నారు. అంతే. ఆనాటి నుంచి మాటల్లేవు. ఏటికి ఈ ఒడ్డున ఒకరు, ఆ ఒడ్డున ఒకరు, నడుమ ఉప్పునీళ్లు. అక్కగారు మాత్రం రెండు వైపులా తిరుగుతూ ఇద్దర్నీ తిట్టేవారు.

హేచరీలో నాకు సాయం ఒక ట్యాంకు మనిషి. పక్క పల్లెకారుల ఊరివాడు. అందరూ మామ అనేవారు, నేనూ అనేదాన్ని. మామ జాలరి ఇంట పుట్టి పడవెక్కితే కక్కుకునే మనిషి. గట్టు మీద ఉన్నంతసేపూ సముద్రం గురించి గంటలు గంటలు చెప్పేవాడు, పడవ పేరెత్తితే మొహం పాలిపోయేది. అన్నదమ్ములందరూ వేటకి వెళితే ఇతను మా హేచరీలో పైపులు పట్టుకుని బతికిపోయాడు. ఏది అడిగినా మామ దగ్గర సమాధానం ఉండేది. అది ఒక్కసారైనా నిజమైన జ్ఞాపకం నాకు లేదు.

హేచరీలో మొదటి నుంచీ ఒక కట్టడి ఉండేది. నాకంటే ముందు పనిచేసినాయన పెట్టి వెళ్లాడట. సీసాలో నలుసులతో పాటు మరీ చిన్నవి, గాలిలో దోమల్లా పిచ్చిపట్టినట్టు పరుగులు తీసేవి కనిపిస్తే అది చీడ. వెంటనే ఆ సీసా పారబోసెయ్యాలి. మామ ఈ పనిని భక్తిగా చేసేవాడు. "సీడొచ్చిందమ్మా, ఒంపేత్తన్నాను" అని కేకేసి ఒంపేసేవాడు. శుభ్రత విషయంలో మమ్మల్ని తలదన్నేవాడు లేడని షావుకారు గారు సభల్లో చెప్పుకునేవారు.

కొన్నేళ్లు బాగానే నడిచింది. తర్వాత నలుసులు నీరసపడడం మొదలెట్టాయి. ఒకప్పుడు వెనకాల మూడు గుడ్లు మోసుకుంటూ తిరిగేది ఇప్పుడు ఒకటి మోసి ఆయాసపడుతోంది. తొట్టి నిండడానికి రెట్టింపు కాలం పడుతోంది. చివరికి ఒక విడత చేపపిల్లలు నోళ్లు తెరుచుకుని అలాగే తేలిపోయాయి. రెండో విడతా అంతే. ఆ తొట్టెలు కడుగుతున్నప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది. నీళ్లలో పడితే కనిపించవు కదా అని ఏడ్చాను కూడా.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను అన్నిటినీ అనుమానించాను. నీటిని తిట్టాను, నాచును తిట్టాను, మామ బీడీ పొగను తిట్టాను. మామకి మాత్రం కారణం ముందే తెలుసు.

"దిస్టమ్మా. ఆ ఒడ్డు నించి సూత్తన్నారు. నిమ్మకాయ కట్టెయ్యాల."

"మామా, కంటికి కనిపించని పురుక్కి దిష్టెలా తగుల్తుంది?"

"కనపడకపోతే మరీ తగుల్తాదమ్మా. సూడాల సూడాల అనుకుంటారు గదా."

షావుకారు గారు ఒక సాయంత్రం వచ్చి, మొదటిసారి ముక్కుకి జేబురుమాలు లేకుండా తొట్టి పక్కన నిలబడ్డారు. "ఇంకొక్క విడత చూత్తాను టీచరమ్మా. అదీ పోతే తాళం వేసేత్తాను. నాకు బెల్లం కొట్టు చాలు" అన్నారు. కోపంగా అనలేదు, అందుకే భయం వేసింది. తాళం పడితే నేను మళ్లీ ఆ బీరువా ముందుకి వెళ్లి బొమ్మలు గీసుకోవాలి. మామ పడవెక్కాలి. మామ ఆ మాట విని గట్టు మీదే కక్కాడు.

సంస్థ నుంచి మళ్లీ కొత్తవి తెప్పిద్దామన్నాను. "మన తోడు చచ్చిందని ఊరంతా దండోరా వేయించమంటావేటి?" అన్నారు. అది అక్కడితో ముగిసింది.

అప్పుడు నేను చేసిన మంచి పని ఒక్కటే. ఏటిలోంచి సన్నని వలతో అక్కడి నలుసుల్ని పట్టి, మా నీళ్లలోనే, మా నాచు మీదే పెంచాను. అవి దున్నపోతుల్లా బలిసి తిరిగాయి. చేపపిల్ల నోటికి పట్టనంత పెద్దవి, కాబట్టి మేతకి పనికిరావు. కానీ సాక్ష్యానికి పనికొచ్చాయి. నీరు మంచిదే, మేత మంచిదే, మామ బీడీ కూడా నిర్దోషే. తప్పు మా నలుసుల వంశంలోనే ఉంది.

ఇది మీకు పాఠంలా కాకుండా చెబుతాను. కాలేజీలో ప్రశ్నపత్రం అసలుది పోతే జిరాక్సుకే జిరాక్సు తీసేవాళ్లం. ఒకసారి మూల మీద చిన్న మచ్చ పడుతుంది. అది తర్వాతి కాపీలో పోదు, పైగా దాని పక్కన ఇంకోటి చేరుతుంది. కొన్నాళ్లకి మూడో ఎనిమిదో తెలీక పిల్లలు ఎవరికి వచ్చిన లెక్క వాళ్లు చేసుకునేవారు. మగతోడు లేకుండా తనలాంటిదాన్నే కంటూ పోయే ప్రాణికీ ఇదే తంటా. కాపీ తీసేటప్పుడు ఎక్కడో ఒక తప్పు దొర్లుతుంది. అది కూతురికి, మనవరాలికి అలాగే దిగిపోతుంది. దిద్దుకునే దారి లేదు. పెద్ద గుంపైతే మచ్చ తక్కువ ఉన్నవి కొన్నయినా మిగులుతాయి, నెట్టుకొస్తాయి. మేము ప్రతిసారీ గరిటెడే దాచాం. ఆ గరిటెలోకి మంచివి వచ్చాయో, చెడ్డవి వచ్చాయో ఎవరు చూశారు? మంచివన్నీ చేపల కడుపులోకి పోయిన రోజున ఇక అవి తిరిగి రావు.

మగా ఆడా కలిసి కనే చోట సంగతి వేరు. అది రెండు వేరు వేరు జిరాక్సు పుస్తకాలు ముందు పెట్టుకోవడం. ఒకదాంట్లో మొదటి పేజీ పాడైంది, ఇంకోదాంట్లో చివరిది. రెండూ విప్పి మంచి పేజీలు ఏరి కుట్టుకుంటే చదవదగ్గ పుస్తకం ఒకటి తేలుతుంది. పాడు పేజీలన్నీ ఒక్కచోట పడ్డ పుస్తకం చెత్తబుట్టలోకి పోతుంది. అందరికీ మేలే, ఆ పుస్తకానికి తప్ప.

మరి మా సీసాల్లో మగవి ఏవి? పాత పుస్తకాలు తిరగేశాను. రోటిఫర్లలో ఈ జాతికి మగవి బొత్తిగా లేకపోలేదు. గుంపు ఇరుకైనా, నీటిలో ఉప్పు మారినా కొన్ని ఆడవి మగపిల్లల్ని కంటాయి. మగది ఆడదానిలో నాలుగో వంతు ఉంటుందట, పిచ్చిపట్టినట్టు పరుగులు తీస్తుందట. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. మామని కేకేశాను.

"మామా, చీడ ఉన్న సీసా ఏదైనా ఉందా?"

"ఇప్పుడే ఒంపేత్తన్నానమ్మా!"

పరిగెత్తి చేయి పట్టుకున్నాను. సగం మిగిలింది. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే చీడ కాదు, పెళ్లికొడుకులు! ఇన్నేళ్లూ మేము శుభ్రత పేరుతో మగపిల్లవాడు పుట్టిన సీసానల్లా పారబోశాం. మగవి పుట్టించే గుణమున్న ఆడవి కూడా వాటితోనే పోయాయి. దేశంలో ఆడపిల్లల్ని వద్దనే ఇళ్లు బోలెడు విన్నాను గానీ, పంతం పట్టి మగపిల్లల్ని పారబోసిన సంస్థ మాదొక్కటే అయివుంటుంది.

మామకి చెబితే నోరు తెరిచాడు. "అయ్యో! ఎంతమంది కొడుకుల్ని ఒంపేసేనమ్మా!" అని రెండు రోజులు సరిగా తిండి తినలేదు.

మా సీసాల్లో మావాటిని మావాటితోనే కలిపితే లాభం తక్కువ. అందరివీ ఇంచుమించు అవే పాడుపేజీలు. వేరే వంశం కావాలి, నోటికి పట్టే సైజుది. అది ఏటి అవతల బావగారి దగ్గర తప్ప లేదు. షావుకారు గారికి చెప్పకుండా అక్కగారికి చెప్పాను. ఆవిడ నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్లారు.

బావగారు నా చేతిలో ఖాళీ ఫ్లాస్కు చూసి నవ్వారు. "తోడుకొచ్చేవా? మీ షావుకారు వచ్చి, 'బావా, కాస్త తోడుంటే పెట్టు' అని నోటితో అడగమను. డ్రమ్ముడు ఇత్తాను."

నేను సరేనని, ఒక్కసారి చూసుకుంటానన్నాను. ఆయన గర్వంగా సీసా అందించి తన మైక్రోస్కోపు చూపించారు. చూశాను. వాళ్లవి గుడ్లు బాగానే పెడుతున్నాయి. కానీ పెట్టిన వెంటనే అడుగుకి పోయి చచ్చిపోతున్నాయి. మావి బతుకుతాయి, గుడ్లు పెట్టవు. వాళ్లవి గుడ్లు పెడతాయి, బతకవు. ఒకే డబ్బాలోంచి వచ్చిన అక్కచెల్లెళ్లు ఏటికి చెరో ఒడ్డున కూర్చుని వేరు వేరు పేజీలు పాడుచేసుకున్నాయన్నమాట.

"మీకూ పిల్లలు పోతున్నాయి కదండీ?" అన్నాను.

బావగారి నవ్వు జారిపోయింది. "ఎవులు చెప్పేరు?"

"ఈ నలుసులే చెబుతున్నాయి."

అక్కగారు భర్తకేసి చూసి, "మజ్జిగ ఎవులిదో తేలిందిప్పుడు" అన్నారు.

ఆ తర్వాతి వారమంతా రాయబారాలే. నేను షావుకారు గారికి జిరాక్సు కథ చెప్పాను. ఆయన విని, విని, "అంటే మాది మాత్రమే కాదు, బావదీ చెడిందా?" అన్నారు. అవునన్నాను. ఆయన మొహం వెలిగింది. అంత సంతోషంగా ఆయన్ని లాభాలొచ్చిన ఏడు కూడా చూడలేదు. సంబంధానికి ఒప్పుకున్నారు. ఒక్క షరతు: ఏరు దాటి ఆయన అవతలికి వెళ్లరు. బావగారిదీ అదే షరతు. అప్పుడు అక్కగారు తీర్పు చెప్పారు. "టీచరమ్మ ఇంట్లో చేద్దాం. క్రైస్తవుల ఇల్లు. ఆ ఇంటితో మీ ఇద్దరికీ చుట్టరికం లేదు, ఎవులి గడపా తొక్కినట్టు కాదు."

అలా అనకాపల్లిలో మా వరండా కల్యాణమండపమైంది. మామ డ్రముల్లో సముద్రపు నీళ్లు తెచ్చి గాజు తొట్టి నింపాడు. ఉప్పు తగ్గితే మగవి పుడతాయి కాబట్టి నేను అందులో మంచినీళ్లు కలిపాను. "పెల్లికి ఉప్పు తగ్గిత్తారేటమ్మా, సప్పిడి పెల్లి!" అని మామ గొణిగాడు. అయినా తొట్టి అంచుకి పసుపు రాసి మావిడాకులు కట్టాడు. మా చర్చి ఆడవాళ్లు ప్రహరీ మీంచి తొంగిచూసి, "పాస్టరు గారిని పిలవమంటావా?" అని అడిగారు. వద్దు తల్లీ, ఇప్పటికే పెద్దలెక్కువయ్యారన్నాను.

షావుకారు గారు స్టీలు డబ్బా పట్టుకుని వచ్చారు. బావగారు ఇత్తడి బిందె పట్టుకుని వచ్చారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా మా వరండాకి చెరో కొసన కూర్చున్నారు. ఇక కలిపేద్దామని నేను లేచేసరికి షావుకారు గారు చెయ్యెత్తారు.

"ఆగు టీచరమ్మా. ముందు ఇది తేలాల. మగపెళ్లివారు ఎవులు?"

"మేమే" అన్నారు బావగారు వెంటనే. "మా ఊరికి పిల్లనిచ్చింది మీరు. ఎప్పటికీ మేమే."

"అది మా అక్క పెళ్లి. ఇది నలుసుల పెళ్లి. మొదట మగపురుగుని కనిపెట్టింది మా ల్యాబులో. మేమే మగపెళ్లివారం. నువ్వు ఎదురొచ్చి కాళ్లకి నీళ్లివ్వాల."

"నేనా? నీకా? విందుకి పిలిచి మజ్జిగ పోసినోడి కాళ్లకా?"

"అదిగో! మళ్లీ అన్నాడు! అందరూ విన్నారు కదా!"

రెండు వైపులా మగవీ ఉంటాయి, ఆడవీ ఉంటాయి, ఇందులో మగపెళ్లివారూ ఆడపెళ్లివారూ ఉండరని నేను ఎంత చెప్పినా వినలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని లోపల తిట్టుకున్నాను. షావుకారు గారు డబ్బా చంకన పెట్టుకుని లేచారు. బావగారు బిందె ఎత్తుకున్నారు. హేచరీలో తల్లిచేపలు ఇంకో రెండు నెలల్లో గుడ్లకి వస్తాయి. వీళ్లు ఇలా గుమ్మం దిగితే మళ్లీ కలవరు. నాకు బీరువా తాళం చప్పుడు వినిపించింది. మామ అయితే అప్పుడే ఒక చేత్తో కడుపు పట్టుకున్నాడు.

"కనీసం పెళ్లికొడుకుని చూసి వెళ్లండి" అన్నాను గబగబా. ఇంకేమీ తోచలేదు.

అది పనిచేసింది. పెళ్లికొడుకుని చూడకుండా వెళ్లే పెద్దమనిషి ఉండడు కదా. ఇంటికి తెచ్చుకున్న మైక్రోస్కోపు కింద ఒక మగదాన్ని పెట్టాను. షావుకారు గారు ఒక కన్ను మూసి చాలాసేపు చూశారు.

"ఇదేటి, దీనికి నోరు కనపడదు?"

"మగదానికి నోరుండదండి. కడుపూ ఉండదు. తినదు. పుట్టిన దగ్గర్నుంచి పరిగెత్తి, ఆడదాన్ని వెతుక్కుని, ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది."

"నోరు లేదా!" అన్నారు అక్కగారు, గట్టిగా నిట్టూర్చి. "ఎంత అదృష్టమమ్మా ఆ పెళ్లికూతురిది! మా ఇంట చూడు, రెండు వైపులా నోరే ఉంది."

మావిడాకులు సర్దుతున్న మామ పక్కున నవ్వాడు. నేనూ ఆపుకోలేకపోయాను. ఇద్దరు మగాళ్లూ ఒకేసారి ఆవిడ మీద విరుచుకుపడ్డారు. "నేనేటన్నాను?" అని ఒకరు, "మొదలెట్టింది మీ తమ్ముడు" అని ఒకరు. ఇన్నేళ్లలో వాళ్లిద్దరూ ఒక వైపున నిలబడి మాట్లాడడం అదే మొదలు. వాళ్లు అలా వాదించుకుంటుండగా అక్కగారు వచ్చి తాపీగా స్టీలు డబ్బా ఒక చేత్తో, ఇత్తడి బిందె ఒక చేత్తో తీసుకుని రెండూ ఒక్కసారే తొట్టిలో వంచేశారు.

షావుకారు గారు తొట్టిలోకి చూశారు. బావగారూ చూశారు. నీళ్లలో దుమ్ము లేచి సర్దుకుంది. ఇక విడదీయడం ఎవరి తరమూ కాదు.

"ఇప్పుడెవులు మగపెళ్లివారు?" అన్నారు అక్కగారు చేతులు తుడుచుకుంటూ. "రండి, కాఫీ చల్లారిపోతాది."

ఆ తర్వాత జరిగింది నెమ్మదైన పని. కొద్ది రోజుల్లో తొట్టినిండా బుల్లి మగవి పరుగులు. పొద్దున్నే చూసి మామ "సీడ బాగా పట్టిందమ్మా!" అని ఆనందంగా అరిచేవాడు. కలిసిన ఆడవి పెట్టే గుడ్లు వేరుగా ఉంటాయి. గోధుమరంగులో, గట్టి పెంకుతో అడుగుకి చేరతాయి. వాటిని వడగట్టి చీకట్లో చల్లగా దాచాను. అవి వెంటనే పొదగవు, కొన్ని వారాలు నిద్రపోతాయి. ఆ వారాల్లో నాకు మాత్రం నిద్రలేదు. తల్లిచేపల పొట్టలు పెరుగుతున్నాయి, గుడ్లు కదలట్లేదు. షావుకారు గారు రోజూ ఫోను చేసి, "ఏటి విశేషం? ఏమైనా ఉందా?" అని కోడలి సంగతి అడిగినట్టు అడిగేవారు.

ఒక ఉదయం గుడ్లని కొత్త నీళ్లలో వేసి దీపం కింద పెట్టాను. మర్నాటికి చక్రాలు తిప్పుకుంటూ బయటికొచ్చాయి. అన్నీ మంచివే అనుకోకండి. కొన్ని పుట్టగానే వంకర తిరిగి చచ్చాయి, చెడ్డపేజీల పుస్తకాలు అవి. మిగిలినవి మాత్రం ఎలా ఉన్నాయని! వెనకాల గుడ్లు మోస్తూ, అడుగుకి పోకుండా, ఎదురొచ్చిన నాచునల్లా మింగుతూ తిరిగాయి. ఈసారి ఒక గరిటెతో సరిపెట్టకుండా బకెట్లకి బకెట్లు దాచాను. మామ అడ్డం పడి మరీ మగవాటిని కాపాడాడు.

తల్లిచేపలు గుడ్లు పెట్టాయి. పిల్లలు వచ్చాయి. నోళ్లు తెరిచే రోజు వచ్చింది. ఆ పొద్దున షావుకారు గారు ముందొచ్చారు, కాసేపటికి బావగారు ఏరు దాటి వచ్చారు. ఎలా వచ్చావని ఈయన అడగలేదు, పిలవలేదేమని ఆయన అనలేదు. బావగారు బయట చెరువు చూస్తుండగా షావుకారు గారు ల్యాబులోకొచ్చి మైక్రోస్కోపు దగ్గర వంగారు. కింద ఒక్క నలుసునే పెట్టాను, బాగా బలిసినదాన్ని.

"అబ్బ, ఏం హుషారు! ఆ తిరగడం చూడు." గొంతు తగ్గించారు. "టీచరమ్మా, నిజం చెప్పు. ఇది మనదేనా?"

"మనదేనండి" అన్నాను.

ఆయన ఛాతీ విరుచుకుని బయటికి వెళ్లారు. వెంటనే బావగారు లోపలికొచ్చి వంగి చూశారు. "ఊఁ. చురుకు చూడు. పోలికలు దాగవు. ఇది మా వైపుదే కదమ్మా?"

"మీదేనండి."

అబద్ధమేమీ ఆడలేదు. దాంట్లో సగం ఈయనదైతే సగం ఆయనది, ఏ సగం ఎవరిదో చెప్పగలిగినవాళ్లు ఆ జిల్లాలో లేరు. ఇద్దరూ బయట వేపచెట్టు నీడన నిలబడ్డారు. ఎదుటివాడిని చూస్తే పాపం అనిపించినట్టు ఇద్దరి మొహాల్లోనూ ఒకే రకం చిరునవ్వు ఉంది. ఆ దయలో మొట్టమొదటిసారి షావుకారు గారు, "బావా, ఎండలో నిలబడ్డావు, ఇటు రా" అన్నారు.

మూలన పైపు చుడుతూ అంతా విన్న మామ నా దగ్గరికొచ్చాడు.

"అమ్మా, ఇద్దరికీ ఒకే నలుసుని సూపించేవు. నాకైనా సెప్పు. నిజంగా ఎవులిదమ్మా అది?"

అప్పటికే ఆ గాజుపలక మీది నీటిబొట్టుని చేపపిల్లలున్న బీకరులోకి జారవిడిచాను. మామని భూతద్దం పెట్టి చూడమన్నాను. వెంట్రుకంత పిల్ల ఒకటి ఒళ్లు వంచి, బిగపట్టి, చటుక్కున ముందుకి దూకింది. గాజులాంటి దాని కడుపులో ఒక చిన్న నలుసు కనిపించింది.

"ఇప్పుడు దానిది" అన్నాను.

మామ భూతద్దం వదల్లేదు. "ఒలమ్మో, ఇంకోటి కూడా నోరు తెరిసిందమ్మా" అన్నాడు.